సాక్షి సంతకానికి సోపతిగాడు ఏడీ?

పాత నల్లగొండ, వరంగల్ జిల్లాల పల్లెల్లో బాగా వయసు మీరినవాళ్ళ దగ్గర కూర్చుంటే, మాట ఎక్కడ మొదలైనా చివరికి లెక్కలోకే దిగుతుంది. పంట లెక్క కాదు, అప్పు లెక్కా కాదు, మనుషుల లెక్క. ఫలానావాడు గుట్టల కాడ పోయిండు, ఫలానావాడు జైల్లో పోయిండు, మిగిలినోడు మొన్న చలికాలంలో మంచంలో పోయిండు అంటూ వేళ్ళు మడుస్తూ పోతారు. పేర్లు తడబడవు. నిన్న ఏం తిన్నదీ గుర్తుండని మనిషి, డెబ్బై అయిదేళ్ళ కిందట దళంలో తన పక్కన నడిచినవాడి నడక ఎట్లా ఉండేదో చెప్తాడు.

ఇలా చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడు ఎంతమంది ఉన్నారు? 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ గూండాలు కాల్చిన తూటాకు దొడ్డి కొమురయ్య నేలకొరిగాడు. 1951 అక్టోబరు 21న సాయుధ పోరాట విరమణ ప్రకటన వెలువడింది. కొమురయ్య పోయిననాటికి పదేళ్ళ పిల్లగాడు, దళాలకు చీటీలు మోసిన పసివాడు, ఈవేళ తొంభై దరిదాపుల్లో ఉంటాడు. తుపాకి పట్టినవాళ్ళ సంగతి చెప్పేదేముంది? దేవులపల్లి వెంకటేశ్వరరావు 1984లో పోయారు. 1985 మేలో సుందరయ్య, అదే ఏడు సెప్టెంబరులో చాకలి ఐలమ్మ, 1991లో రావి నారాయణరెడ్డి, 2001లో ఆరుట్ల కమలాదేవి, 2008లో భీమిరెడ్డి నరసింహారెడ్డి, 2022 మార్చి 19న ఆయన చెల్లెలు మల్లు స్వరాజ్యం కన్నుమూశారు. దళంలో ఆమెది రాజక్క అన్న మారుపేరు. ఆ పేరుతో ఆమెను పిలవగలిగిన తోటివాళ్ళు చాలామంది ఆమెకన్నా ముందే వెళ్ళిపోయారు.

ఇవి నాయకుల తారీఖులు. ఇవి మనకు దొరుకుతాయి. నడిరాత్రి తలుపు తట్టితే లేచి జొన్న గటక కాచిపెట్టినవాళ్ళు, గడ్డివాములో మనిషిని దాచి పోలీసోడి ముందు నోరు మెదపనివాళ్ళు ఎప్పుడు పోయారో ఎవరు రాసి పెట్టారు? పాలకుర్తిలో ఐలమ్మ కౌలు చేను మీదికి దొర మనుషులు వస్తే, సంగం కార్యకర్తలు కాపలా ఉండి పంట ఆమె ఇంటికి చేర్చారు. 2024లో హైదరాబాదు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఐలమ్మ పేరు పెట్టారు. సంతోషమే. ఆ పంటకు అడ్డంగా నిలబడినవాళ్ళలో ముందున్న నాయకుల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. కూలీల పేర్లు కావాలంటే ఊళ్ళో అడగాలి. చెప్పేవాళ్ళు ఉండాలి.

సోపతిగాళ్ళు పోవడం ఒట్టి దుఃఖం కాదు పేదవాడికి. సాక్షి పోయినట్టు. ఇది ఊరికే అనే మాట కాదు, సర్కారు కాయితం మీద ఉన్నదే. స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్ళయిన సందర్భంలో 1972లో కేంద్రం సమరయోధుల పెన్షన్ పెట్టింది. 1980లో దాన్ని విస్తరించింది. జైలుకు వెళ్ళినవాడైతే కనీసం ఆరు నెలలు ఉండి ఉండాలి. ఆడవాళ్ళకూ, దళిత గిరిజనులకూ మూడు నెలలు. దానికి జైలు రికార్డు చూపాలి. రికార్డు దొరక్కపోతే తోటి ఖైదీ సాక్ష్యం కావాలి. ఆ తోటి ఖైదీ కూడా ఎవడంటే వాడు కాదు, తాను ఏడాదికి తక్కువ కాకుండా జైల్లో ఉన్నట్టు రుజువై పెన్షన్ తీసుకుంటున్నవాడై ఉండాలి.

చదువుకున్నవాడు కాయితం దాచుకున్నాడు. పాలేరుకు పెట్టె ఏదీ, తాళం ఏదీ? గుడిసె తగలబెట్టినప్పుడు ఉన్న చీటీ కూడా బూడిదయింది. పక్క బారక్‌లో పడుకున్నవాడు బతికుంటే సంతకం పెట్టేవాడు. వాడు పోయాడు. ఇప్పుడు వీడు జైల్లో ఉన్నట్టా, లేనట్టా?

జైలు సరే, క్యాంపుల మాటేమిటి? పది వేల మందికి పైగా జైళ్ళలో, నిర్బంధ శిబిరాల్లో మూడు నాలుగేళ్ళు మగ్గారనీ, యాభై వేల మందికి తక్కువ కాకుండా పోలీసు, సైనిక క్యాంపులకు ఈడ్చుకుపోయి చావబాదారనీ, నాలుగు వేల మంది దాకా ప్రాణాలిచ్చారనీ సుందరయ్య 1972లో వచ్చిన తన పోరాట గ్రంథంలో లెక్క చెప్పారు. క్యాంపులో వారాల తరబడి దెబ్బలు తిన్న కూలికి ఏ అధికారి ధ్రువపత్రం రాసిచ్చాడు గనుక! పైగా అందులో పెద్ద భాగం 1948 సెప్టెంబరు తర్వాత, నిజాం లొంగిపోయి యూనియన్ సైన్యం దిగాక జరిగిన సంగతి. స్వతంత్ర ప్రభుత్వమే కొట్టిన దెబ్బను స్వాతంత్ర్య సమరం ఖాతాలో ఎట్లా చూపించుకోవాలి?

కాయితం లేనివాడికి మిగిలింది మామూలు ముసలి పెన్షన్. అందులో కేంద్రం వాటా ఎనభై ఏళ్ళ లోపు 200 రూపాయలు, ఎనభై దాటితే 500. మిగతాది రాష్ట్రాలు వేసి ఇస్తున్నాయి. వేలిముద్ర అరిగిపోయి మిషను పట్టకపోతే అదీ ఆలస్యమే. నాట్లు వేసి, కలుపు తీసి, రాళ్ళు మోసిన వేళ్ళు అరగక ఏమవుతాయి?

మెచ్చుకోదగిన పని జరగలేదని కాదు. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు ఊరూరా తిరిగి పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళను కూర్చోబెట్టి వాళ్ళ మాటల్లోనే చెప్పించారు. 1986లో అది ‘మనకు తెలియని మన చరిత్ర’గా వచ్చింది. అడవిలో దళంతో తిరుగుతూ, కన్నబిడ్డను వేరేవాళ్ళ చేతుల్లో పెట్టి రావలసి వచ్చిన కమలమ్మ కథ అందులో ఉంది. గెలుపులతో పాటు కడుపుకోతా, సొంత పార్టీ మీద కోపమూ దాచుకోకుండా చెప్పారు ఆ తల్లులు. అప్పటికి వాళ్ళలో చాలామందికి మోకాళ్ళలో బలం ఉంది, గుర్తుంది, పక్కన అందించే తోడూ ఉంది. ఒకామె మరిచింది ఇంకొకామె అందుకునేది. ఒంటరిగా మిగిలిన మనిషికి ఆ వీలు లేదు. తప్పు చెప్పినా దిద్దేవాడు లేడు, నిజం చెప్పినా ఔననేవాడు లేడు.

సభల్లో వీళ్ళను వేదిక ఎక్కించి శాలువా కప్పుతారు, రెండు ముక్కలు మాట్లాడమంటారు, టైమైందని మైకు తీసుకుంటారు. ఆ ముసలాయన చెప్పబోయింది తన గొప్ప కాదు. తనతో వచ్చి తిరిగి రానివాడి పేరు.

ఊళ్ళలో ఎర్ర స్థూపాలు ఉన్నాయి. ఎండకు, వానకు రంగు వెలిసి అక్షరాలు సగం పోతాయి. కొందరికి ఇంటిపేరు ఉంటుంది, కొందరికి ఒట్టి మల్లయ్య, ఒట్టి రాములు. ఏ మల్లయ్య, ఏ వాడ, ఎవరి కొడుకు? ఇది చెప్పగల అవ్వలు ఇంకా కొన్ని ఊళ్ళలో ఉన్నారు. ఈసారి రంగు వేయించేముందు బలపం, నోటుబుక్కు పట్టుకుని వాళ్ళ దగ్గరికి పోండి. పొద్దుటిపూట పోతే మంచిది, మధ్యాహ్నానికి అలసిపోతారు. చెవులు సరిగా వినపడవు, కొంచెం గట్టిగా అడగాలి.