నాగలి గీసిన నది

కరువుతో అలమటించే ప్రజల కొరకు బలరాముడు తన నాగలితో నేలను చీల్చగా పుట్టిన ప్రవాహమే నాగావళి అని మన ప్రాంతపు స్థలపురాణం. లాంగలం అనగా నాగలి. ఈ నదికి లాంగుల్య అను నామాంతరం కలదు. పుట్టుక మాట ఎట్లున్నను, ఆ నది ఆరోగ్యం మాత్రం నేటికీ నాగలి చాలు మీదనే ఆధారపడి ఉన్నదనుట శాస్త్రసత్యం.

ఒడిశాలోని కలహండి కొండలలో పుట్టిన నాగావళి రాయగడ ప్రాంతం దాటి, పార్వతీపురం మన్యం, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలను తడుపుతూ, సుమారు 256 కిలోమీటర్లు ప్రయాణించి కళ్లేపల్లి వద్ద సముద్రంలో కలుస్తున్నది. జంఝావతి, సువర్ణముఖి, వేగావతి దీని ఉపనదులు. ఇంత మేర నేలపై పడిన వాన ఆ నేల గుణాన్ని మోసుకొని నదిని చేరుతున్నది.

మొదట కొండవాలును చూతము. అడవి నేలపై రాలిన ఆకులు వాన వేగాన్ని తగ్గించి, నీటిని భూమిలోనికి ఇంకజేస్తాయి. ఆ నీరే వేసవిలో ఊటగా గెడ్డలకు చేరుతుంది. చెట్లు పోయిన వాలుపై వాన మట్టిని కోసుకొనిపోతుంది. వర్షాకాలంలో బురద, వేసవిలో ఎండిన గెడ్డ మిగులుతాయి. పూర్వం పోడు భూమిని కొన్నేండ్లు బీడు పెట్టగా అడవి తిరిగి మొలిచేది. సాగుకు దొరికే నేల తరిగి, ఆ విరామం కుదించుకొనిపోయినది. కావున దోషాన్ని గిరిజనులపై మోపుట న్యాయం కాదు. వాలుపై జీడి, మామిడి వంటి తోటలు పెంచుట, రాతికట్టలు వేయుట ఇరువురికీ మేలు.

ఇక మైదానం. వరిచేలలో మోతాదు మించిన ఎరువు మురుగుకాలువల ద్వారా నదిని చేరి నాచును పెంచుతుంది. ఆ నాచు కుళ్లునప్పుడు సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును హరిస్తాయి. గోగు కట్టలను గెడ్డలో ఊరవేసినప్పుడు నీరు నల్లబడి వాసన కొట్టుటకు కారణమూ ఇదే. చేపల మనుగడకు లీటరు నీటిలో కనీసం 4 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉండవలెనని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. పట్టణాల మురుగు తోడైనచో ఆ కొద్దిపాటి నిల్వ కూడా మిగలదు.

చివరిది ఇసుక. ఏటిలో చెలమ తీసి తేటనీరు తోడుకున్న అనుభవం మన పల్లెలలో ఎందరికో కలదు. ఆ నీటిని వడకట్టినది ఇసుకయే. నదీగర్భంలోని ఊటబావులూ ఆ సూత్రంపైనే పనిచేస్తాయి. ఇసుకను హద్దు మీరి తవ్వినచో ఖర్చు లేని ఆ వడపోత నశించి, భూగర్భజలమట్టం దిగజారుతుంది.

గట్టు వెంబడి కొన్ని గజాల మేర దున్నక గడ్డినీ చెట్లనూ నిలిపినచో, ఎరువునూ మట్టినీ చాలావరకు అక్కడే ఆపవచ్చును. కళాశాల పాలకవర్గం రసాయనశాస్త్ర విద్యార్థులచే వానకు ముందు, తరువాత నదీజలాన్ని పరీక్షింపజేసి, ఫలితాలను ఏటేటా నమోదు చేయించుట మంచిది. నీటిని చూచి నదిని నిందించుటకు ముందు, గట్టునెక్కి నేలను చూడవలెను. మనం త్రాగే నీటి మంచిచెడ్డలు అక్కడనే నిర్ణయమగుచున్నవి.