పేదయిండ్లకు ఉచిత ఇంటర్నెట్టు

అమీరుపేట కూడలియందు నిలిచి తలయెత్తి చూచినచో, మైత్రీవనము మొదలుకొని సందుసందునను కంప్యూటరు విద్య నేర్పెదమను బోర్డులే కానవచ్చును. అనేక జిల్లాలనుండి యువజనులు వచ్చి, హాస్టళ్లలో బసచేసి, ఆ విద్య నభ్యసించి, కొందఱు సముద్రములు దాటి పోవుచున్నారు. ఆ బోర్డుల వెనుకటి యిఱుకు సందులలోను, పంజగుట్ట వైపు బస్తీలలోను వాచ్‌మన్లు, ఇండ్లలో పనిచేయు స్త్రీలు, ఆటో నడుపువారు ఒకటి రెండు గదులలో కాపురముందురు. అట్టి యిండ్లలో తఱచుగ నుండునది యొక్క ఫోనే. అది తండ్రివెంట పనికి బోయి రాత్రికి గాని తిరిగి రాదు. కంప్యూటరు విద్యకు పేరుపొందిన పేటలోనే ఇంటర్నెట్టు లేని బాలుడున్నాడనుట వింతగా దోచవచ్చును గాని, నిజము.

ఇందువలని కష్టము 2020వ సంవత్సరమున బయల్పడినది. ఆ మార్చిలో పాఠశాలలు మూతపడగా, సెప్టెంబరు 1వ తేదీనుండి రాష్ట్ర ప్రభుత్వమువారు టీ-శాట్ ద్వారమునను, దూరదర్శన్ యాదగిరి ద్వారమునను పాఠములు ప్రసారము చేయించిరి. టెలివిజను గల యింటికి పాఠము చేరినది. కాని విద్యార్థి సందేహమును ఆ పెట్టె వినజాలదు. వ్రాసిన లెక్కను దిద్దజాలదు. పాఠశాలలు మరల తెఱచినను అవసరము తీఱలేదు. డిగ్రీ కళాశాలలలో ప్రవేశమునకు 2016 నుండి దోస్త్ అను ఆన్‌లైను పద్ధతి వచ్చినది. ఏ కళాశాల ముందు, ఏది వెనుక అని యింట పెద్దలతో నాలోచించి వ్రాయవలసిన వరుసను, పేద విద్యార్థి నెట్ సెంటరులో డబ్బు చెల్లించి, వెనుక నిలిచినవారు తొందరపెట్టుచుండగా వ్రాయించుకొనును.

నగరమున ఉచితసేవ లేకపోలేదు. 2015లో హుస్సేన్‌సాగరు పరిసరములలో వైఫై నేర్పఱచి, మొదటి అరగంట ఉచితమనిరి. 2021 ఆగస్టులో ప్రభుత్వమువారు ఆక్ట్ ఫైబర్‌నెట్ సంస్థతో గూడి 3,000 చోట్ల ఉచిత వైఫైని ప్రారంభించిరి. 45 నిమిషములు, 1 జీబీ వఱకు. మెచ్చదగిన పనియే. అయినను వైఫై పెట్టెనుండి వెలువడు తరంగములు కొన్ని పదుల గజములు మాత్రమే బలముగ ప్రసరించును. గోడలు అడ్డమైనచో మఱింత క్షీణించును. కావున వాడుకొనువాడు వీధిలోనికి పోవలెను. వీధికుళాయికిని ఇంటికుళాయికిని గల భేదమును బిందెలు మోసిన తల్లులకు మేము చెప్పనక్కఱలేదు. రాత్రి 8 గంటలకు పదవ తరగతి బాలిక మెట్రో స్తంభము క్రింద నిలిచి లెక్కలు చేసికొనునా?

ఇంటింటికి నిచ్చుట సాధ్యమా యందురేమో. ఆంధ్రప్రదేశమున 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ప్రారంభించిన ఫైబర్‌నెట్ పథకములో నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్టు, టెలివిజను, టెలిఫోను మూడును నిచ్చిరి. కేరళవారు అంతకు మించిరి. 2023 జూన్ 5న ఆరంభించిన కె-ఫోన్ పథకమున 20 లక్షల పేద కుటుంబములకు ఉచితముగ నీయ సంకల్పించి, మొదట నియోజకవర్గమునకు 100 చొప్పున 14,000 ఇండ్లను ఎంచుకొనిరి. సంకల్పించినంత వేగముగ పని సాగలేదు.

ఇచట నొక భేదమును గమనింపవలెను. దూరపు పల్లెలో కొఱత తీగది. అమీరుపేటలో తీగ పేదవాని యింటికప్పు మీదుగనే పోవుచున్నది; కట్టలుకట్టలుగ వ్రేలాడుచు మన తలలకు తగులునంత దగ్గఱగనే యున్నది! ఇచటి కొఱత నెలనెలా చందాది. కావున క్రొత్తగ త్రవ్వవలసిన పని లేదు, చందా నెవరు భరింతురన్నదే ప్రశ్న. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గ మంగీకరించిన పీఎం-వాణి పద్ధతిలో, బస్తీలోని కిరాణాకొట్టువాడు సైతము లైసెన్సు రుసుము లేకయే వైఫైని ఇరుగుపొరుగులకు పంచవచ్చును.

ఉచితముగ నిచ్చినచో పిల్లలు ఆటలలో కాలము పుచ్చెదరని కొందఱు తల్లిదండ్రులు మాతో ననుచుందురు. ఆ భయము నిరాధారము కాదు. కాని పెక్కు ఆటలకు తండ్రిఫోనులోని కొద్దిపాటి డేటాయే చాలును, చాలనిది పాఠమునకే. దృశ్యపాఠమును గంటసేపు చూచినచో, బొమ్మ స్పష్టతనుబట్టి, అర జీబీకి పైగా వ్యయమగును.

తీగ వచ్చినను చూచుటకు తెర కావలెను, కూర్చుండ చోటు కావలెను. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును నెలకొల్పినవారు పుస్తకము కొనలేనివానికి పుస్తకముతోబాటు చోటును గూడ నిచ్చిరి. ఆ విధముగనే పాఠశాలల కంప్యూటరు గదులను సాయంకాలము 4 మొదలు 6 వఱకు తెఱచి, ఒక ఉపాధ్యాయుని కూర్చుండబెట్టవచ్చును. దోస్త్ దరఖాస్తుల దినములలో ఆ గది పాతవిద్యార్థులకును తెఱచియుండవలెను; ముందువరుస బల్లలు ఇంట ఫోను లేనివారివి.