చెవులే కళ్ళయిన జీవి

2019 ఆగస్టు నెలాఖరున జర్మనీకీ డెన్మార్కుకూ నడుమనున్న ఫేమర్న్ జలసంధిలో నాలుగు రోజులపాటు పెద్ద పెద్ద పేలుళ్ళు జరిగాయి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ వారు వేసిన మందుపాతరలు సముద్రం అడుగున యింకా పడి వున్నాయి. వాటిలో నలభై రెండింటిని నాటో నౌకలు అక్కడికక్కడే పేల్చివేశాయి. విచిత్రమేమంటే ఆ చోటు సముద్ర జీవులకోసం ప్రత్యేకించిన రక్షిత ప్రాంతం.

ఆ తరువాత సెప్టెంబరు నుంచి నవంబరు దాకా జర్మనీ తీరం పొడుగునా 24 పోర్పాయిస్‌ల కళేబరాలు దొరికాయి. శాస్త్రజ్ఞులు వాటి చెవులను పరీక్షించారు. ఎనిమిదింటిలో చెవిలోపలి చిన్న ఎముకలు చిట్లి, చోటుతప్పి వున్నాయి. చుట్టూ నెత్తురు గూడుకట్టింది. మరి రెండింటిలో కూడా పేలుడు దెబ్బ ఆనవాళ్ళు కనిపించాయి. యుద్ధం ముగిసిన డెబ్బయి నాలుగేళ్ళకు దాని బాంబులు మరికొన్ని ప్రాణులను పొట్టన పెట్టుకున్నాయన్నమాట.

ఏమిటీ పోర్పాయిస్?

చూడబోతే చేప, నిజానికి చేప కాదు. తిమింగిలాలకూ డాల్ఫిన్లకూ దగ్గర చుట్టం. మనలాగే ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది, పిల్లను కని పాలిస్తుంది. ఒకటిన్నర మీటరు పొడవు, యాభై అరవై కిలోల బరువు. గుండ్రని మూతి, బొద్దు శరీరం చూసి కాబోలు, జర్మనులు దీనికి 'పంది తిమింగిలం' అని పేరు పెట్టారు.

ఉత్తర సముద్రంలోనూ బాల్టిక్ సముద్రంలోనూ నీళ్ళు మసకగా వుంటాయి. రాత్రివేళ సరేసరి. అటువంటి చోట కళ్ళను నమ్ముకుంటే పస్తే. అందుకని యీ జీవి నుదుటినుంచి టిక్కుటిక్కుమని సన్నని ధ్వనులు పంపుతుంది. అవి చేపకు తగిలి మారుమోగి తిరిగివస్తే, ఆ మారుమోతనుబట్టి చేప ఎక్కడున్నదీ, ఎటు పోతున్నదీ పోల్చుకుంటుంది. మనిషి చెవికి సెకనుకు ఇరవై వేల కంపనాలు దాటితే వినిపించదు. పోర్పాయిస్ పలుకు లక్షా ముప్ఫయి వేల దగ్గర వుంటుంది. పక్కనే ఈదుతున్నా మనకు వినబడదు.

వినడం కూడా మనలాగ కాదు. చెవి రంధ్రం పేరుకు మాత్రమే వున్నది. శబ్దం కింది దవడలోని కొవ్వుగుండా సాగి లోపలి చెవికి చేరుతుంది. అంటే దవడతో వింటుందన్నమాట!

తీరని ఆకలి

చల్లని నీళ్ళలో చిన్న శరీరానికి వేడి నిలవదు. కనుక పొయ్యిలో కట్టె ఆరకుండా ఎగదోసినట్లు రాత్రింబవళ్ళు తింటూనే వుండాలి. డెన్మార్కు జలాల్లో కొన్ని పోర్పాయిస్‌ల వీపుకు చిన్న యంత్రాలు అంటించి చూశారు. ఒక్కొక్కటి గంటకు 550 దాకా చిట్టి చేపలను వేటాడుతున్నదని 2016లో వెల్లడించారు. పదింట తొమ్మిదిసార్లు గురి తప్పడం లేదట.

అయితే అవే జలాల్లో ఓడల తిరుగుడు హెచ్చు. వేగంగా పోయే ఫెర్రీ ఒకటి దగ్గరకు వచ్చినప్పుడు ఒక పోర్పాయిస్ వేట మాని, పలుకు మాని, అడుగుకు మునిగి పారిపోయిందని 2018లో ప్రకటించారు. కొద్ది నిమిషాలేగదా అనుకోవచ్చు. కాని దినమంతా ఓడవెంట ఓడ వస్తూంటే? కూలినాలి చేసుకునే వానికి పూటపూటా పని చెడినట్లే.

పేలుడు అయితే చెవి ఎముకనే విరుస్తుంది. అంతకు తక్కువ చప్పుడు చెవిని మొద్దుబారుస్తుంది. దీపావళినాడు చెవి దగ్గర ఔటు పేలితే కాసేపు గుయ్యిమని ఏమీ వినిపించదు చూడండి, అట్లాగే. మాటిమాటికీ జరిగితే తిరిగిరాని చెవుడే గతి. డెన్మార్కులోని కెర్తెమిండెలో పెంచుతున్న ఒక పోర్పాయిస్‌కు, సముద్రగర్భ పరిశోధకులు వాడే గాలితుపాకి చప్పుడు వినిపించి, మెదడులో పుట్టే విద్యుత్ స్పందనలను కొలిచారు. కొంత హద్దు దాటగానే వినికిడి తాత్కాలికంగా తగ్గింది. ఆ ఫలితాలు 2009లో వచ్చాయి.

గాలిమరలూ, గాలిబుడగలూ

ఆ హద్దు అక్కరకు వచ్చిన సందర్భం వేరే వున్నది. బొగ్గు పొగ తగ్గించాలని యూరపు దేశాలు సముద్రంలో గాలిమరలు నిలుపుతున్నాయి. మంచి పనే. కాని ఆ స్తంభాలు నిలవడానికి పెద్ద ఉక్కు గొట్టాలను సమ్మెటలతో అడుగు నేలలోకి దిగగొట్టాలి. వేల దెబ్బలు! నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1500 మీటర్లు, గాలిలోకంటే నాలుగింతలు వేగంగా పోతుంది. పైగా చాలా దూరం పోతుంది. బోర్కుమ్ ద్వీపం సమీపాన ఆల్ఫా వెంటుస్ అనే చోట పన్నెండు మరలు నిలిపినప్పుడు, సుమారు 20 కిలోమీటర్ల మేర పోర్పాయిస్‌లు చోటు వదిలి పోయాయి.

జర్మనీ ప్రభుత్వం ఒక కట్టుబాటు చేసింది. దెబ్బకొట్టే చోటుకు 750 మీటర్ల దూరాన చప్పుడు 160 డెసిబెల్‌లు మించరాదు. (నీటిలో డెసిబెల్ లెక్క వేరు, గాలిలో లెక్క వేరు, రెంటినీ పోల్చకూడదు.) మరి సమ్మెట మోత తగ్గేదెలా? ఇంజనీర్లు తమాషా అయిన ఉపాయం పన్నారు. స్తంభం చుట్టూ బెజ్జాల గొట్టాన్ని సముద్రం అడుగున వలయంగా పరచి, అందులోకి గాలి కొడతారు. బుడగలు పైకి లేచి తెర కడతాయి. ధ్వని ఆ తెరకు తగిలి చెదరి, నీరసిస్తుంది. అంతటి ఉక్కు సమ్మెట నోరు గాలిబుడగలు మూస్తున్నాయి! మందుపాతరలు పేల్చేటప్పుడు కూడా యీ తెర కట్టవచ్చు.

ఈ కథ అక్కడితో ఆగదు. మన బంగాళాఖాతంలోనూ వీపున రెక్కలేని పోర్పాయిస్ జాతి ఒకటున్నది. మన రేవులకూ ఓడలు వస్తూ పోతూ వున్నాయి. వెలుగు ఎక్కువైతే కళ్ళు మూసుకోవచ్చు. చెవులకు రెప్పలు లేవు. చప్పుడు చేసేవాడే కాస్త తగ్గాలి.