ముఖరతి – గొంతులో దాగే సుఖవ్యాధులు

ముఖరతి వలన గర్భం రాదు కనుక రోగమూ రాదని చాలామంది దంపతులు భావిస్తారు. సంకోచం వలన వైద్యుని ఎదుట అడగలేని ఈ సందేహాన్ని పాఠకులు తరచుగా నాకు ఉత్తరాలలో తెలియజేస్తుంటారు. అందుచేత కొంత వివరంగా చెప్పదలచాను.

ఇది నేటి అలవాటు కాదు. వాత్స్యాయనుడు కామసూత్రాలలో దీనిని ‘ఔపరిష్టకం’ అన్నాడు. 16వ శతాబ్దపు భావమిశ్రుడు భావప్రకాశంలో ‘ఫిరంగ రోగా’న్ని వర్ణించి, అది సంసర్గం వలన అంటుకుంటుందని చెప్పాడు. అదే నేటి సిఫిలిస్, మన వాడుకలో సవాయి.

దంపతులిరువురిలో ఏ వ్యాధీ లేనప్పుడు ముఖరతి వలన సుఖవ్యాధి పుట్టదు. ఒకరికి ఉన్నచో రెండవవారికి సోకవచ్చును. సిఫిలిస్ వలన పెదవిపై, నాలుకపై ఏర్పడే పుండు సాధారణంగా నొప్పి పెట్టదు. 3 నుండి 6 వారాలలో దానంతటదే మానిపోతుంది. మానినది పుండే గాని రోగం కాదు; చికిత్స లేనిచో ఏళ్ళ తరువాత గుండెను, మెదడును దెబ్బతీయవచ్చును. గనేరియా, అనగా సెగరోగం, గొంతులో చేరినప్పుడు ఎక్కువమందిలో ఏ లక్షణమూ కనిపించదు. పెదవులపై హెర్పిస్ పొక్కులు జననాంగాలకు వ్యాపిస్తాయి. హ్యూమన్ పాపిలోమా వైరస్ కొందరిలో ఏళ్ళ తరబడి నిలిచి గొంతు క్యాన్సర్‌కు కారణమవుతుంది. హెచ్.ఐ.వి. ఈ మార్గాన సోకడం బహు అరుదు. అయినా అసాధ్యం కాదు.

ఉప్పు, పసుపు కలిపిన గోరువెచ్చని నీటిని పుక్కిలించడం, త్రిఫలా కషాయం మామూలు గొంతునొప్పికి ఉపశమనమిస్తాయి. నేనూ వీటిని సూచిస్తుంటాను. కాని ఇవి సుఖవ్యాధుల క్రిములను నిర్మూలించలేవు. బాధ తగ్గగానే రోగం పోయిందనుకోవడమే ఇక్కడి ప్రమాదం. రసకర్పూరం వంటి పాదరసపు మందులను సొంతంగా వాడటం మరింత అపాయకరం.

సందేహం కలిగినచో రక్తపరీక్షతోపాటు గొంతు స్రావ పరీక్ష కూడా అవసరమా అని వైద్యుని అడగండి. సిఫిలిస్‌కు పెన్సిలిన్ ఇంజక్షన్ ఉన్నది. గనేరియా కూడా తగిన ఇంజక్షన్‌తో నయమవుతుంది. ఒకరే చికిత్స పొందినచో రోగం తిరిగి సోకుతుంది. ఎవరి వలన వచ్చిందన్న విచారణకన్న ఇద్దరి చికిత్స ముఖ్యం. నోటిలో పుండ్లు, చిగుళ్ళ నుండి రక్తస్రావం ఉన్న రోజులలో ముఖరతిని మానండి. అనుమానమున్నప్పుడు నిరోధ్ తప్పక వాడండి. ప్రభుత్వ ఆసుపత్రులలోని ‘సురక్ష’ క్లినిక్‌లలో చికిత్స ఉచితం, గోప్యం. సిగ్గు కొద్ది నిమిషాలే. నిర్లక్ష్యపు ఫలితం ఏళ్ళ తరబడి వెంటాడుతుంది.