చేయి చేసుకుంటే ఉద్యోగానికే ఎసరు
విచారణ లేకుండా తొలగిస్తే యాజమాన్యానికీ చిక్కులే

నరసరావుపేట: మాచర్ల సిమెంటు కర్మాగారమైనా, చిలకలూరిపేట నూలు మిల్లయినా, నరసరావుపేట దుకాణమైనా పనిచేసే చోట తోటివారిపై చేయి చేసుకోవడం తీవ్రమైన దుష్ప్రవర్తనే. అందుకు ఉద్యోగం నుంచి తొలగించవచ్చు. అయితే కోపంలో 'రేపటి నుంచి రావద్దు' అని పంపివేస్తే చెల్లదు. దాడి జరిగిందని నిరూపించవలసిన బాధ్యత యాజమాన్యానిదే.

విచారణ ఇలా..
ఘటన జరిగిన తేదీ, సమయం, స్థలం వివరిస్తూ ముందుగా ఛార్జిషీటు ఇవ్వాలి. సంజాయిషీకి గడువు ఇవ్వాలి. కార్మికుని ఎదుటే సాక్షులను విచారించి, వారిని ప్రశ్నించే అవకాశం అతనికి కల్పించాలి. విచారణ నివేదిక ప్రతిని శిక్షకు ముందే అందజేయాలని హైదరాబాద్ ఈసీఐఎల్ కేసులో 1993లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

పారిశ్రామిక సంబంధాల స్మృతి-2020 గత 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. దీని ప్రకారం సస్పెన్షన్ విధిస్తే సాధారణంగా 90 రోజుల్లో విచారణ ముగించాలి. అంతవరకు వేతనంలో సగం జీవనభృతిగా చెల్లించాలి. కార్మికుని ప్రమేయం లేకుండా జాప్యమైతే ఆపై 75 శాతం ఇవ్వాలి. దుకాణాల ఉద్యోగులకు రాష్ట్ర దుకాణాలు, సంస్థల చట్టం-1988 రక్షణ కల్పిస్తోంది. ఆరు నెలల సర్వీసు ఉన్నవారిని నోటీసు లేకుండా తొలగించాలంటే దుష్ప్రవర్తన విచారణలో రుజువు కావాలి.

తీర్పులు రెండు రకాలు
పై అధికారిని అసభ్యంగా దూషించిన మహీంద్రా కార్మికుని తొలగింపును 2005లో సుప్రీంకోర్టు సమర్థించింది. అంతకుముందు 1982లో రమాకాంత్ మిశ్రా కేసులో, 14 ఏళ్లు మచ్చలేని సర్వీసు ఉన్న కార్మికుని బెదిరింపు మాటలకు తొలగింపు అధిక శిక్ష అంటూ రెండు ఇంక్రిమెంట్ల కోతతో సరిపెట్టింది. మాటకే ఇంత పట్టింపు ఉంటే దెబ్బకు మరింత కఠినంగా ఉంటుందన్నది గ్రహించాలి. గత సర్వీసు, రెచ్చగొట్టిన పరిస్థితులు కూడా శిక్ష నిర్ణయంలో లెక్కకు వస్తాయి.

గ్రాట్యుటీకీ ముప్పు
హింసాత్మక చర్యకు ఉద్యోగం పోతే గ్రాట్యుటీని పూర్తిగా గానీ, కొంత గానీ నిలిపివేసే వీలుంది. భవిష్యనిధిలోని సొమ్ము మాత్రం కార్మికునిదే. పోలీసు కేసు వేరు, శాఖాపరమైన విచారణ వేరు. కోర్టులో కేసు వీగిపోయినంత మాత్రాన ఉద్యోగం దానంతట అదే తిరిగిరాదు.

అన్యాయం జరిగిందని భావించే కార్మికుడు రెండేళ్లలోపు రాజీ అధికారిని ఆశ్రయించాలి. అక్కడ తేలకుంటే పారిశ్రామిక ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చు. శిక్షను తగ్గించే, తిరిగి విధుల్లోకి తీసుకోమనే అధికారం ట్రైబ్యునల్‌కు ఉంది. ఛార్జిషీటు, సంజాయిషీ ప్రతులను భద్రపరచుకోవడం ఇరుపక్షాలకూ మేలు.