తెల్లకణాలే సాక్ష్యం చెప్పే రక్తవ్యాధి

తెల్లవారి లేవగానే మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో కనబడి, కళ్లు పసుపుబారితే పల్లెలలో తొలి అనుమానం కామెర్ల మీదికే పోతుంది. పసరు మందు, పథ్యం మొదలవుతాయి. చాలామందిలో అది కామెర్లే కావచ్చు. అరుదుగా మాత్రం రక్తంలోని ఎర్రకణాలు చిట్లి, వాటిలోని హిమోగ్లోబిన్ మూత్రంలోకి దిగడం వల్ల ఆ నలుపు వస్తుంది. జర్మన్ వైద్యుడు పాల్ స్ట్రూబింగ్ 1882లో వర్ణించిన ఈ వ్యాధిని నేడు పి.ఎన్.హెచ్. అంటున్నారు.

దీని మూలం ఎముక మజ్జలో ఉన్నది. అక్కడి ఒక మూలకణంలో పిగ్-ఎ అనే జన్యువు దెబ్బతింటుంది. జపాన్ శాస్త్రజ్ఞులు 1993లో గుర్తించిన ఈ జన్యువు లేనిదే, కొన్ని ప్రోటీన్లను కణం పైపొరకు తగిలించి ఉంచే కొక్కెం తయారు కాదు. కొక్కెం లేకుంటే సి.డి.55, సి.డి.59 అనే కాపలా ప్రోటీన్లు నిలువవు. అప్పుడు క్రిములను సంహరించవలసిన కాంప్లిమెంట్ వ్యవస్థ సొంత ఎర్రకణాలనే బద్దలు కొడుతుంది.

రోగనిరోధక కణాలైన తెల్లకణాలూ ఆ మూలకణం సంతానమే. కనుక న్యూట్రోఫిల్ కణాలపై సి.డి.16, మోనోసైట్లపై సి.డి.14 కొరవడతాయి. విచిత్రమేమంటే, ఇవి ఎర్రకణాల వలె చిట్లిపోవు. ఎర్రకణాలు పగిలిపోయినా, రోగికి పరుల రక్తం ఎక్కించినా ఎర్రకణాల లెక్క తప్పుతుంది. తెల్లకణాలలో లోపం దాగదు. ఫ్లో సైటోమెట్రీ పరీక్షలో వైద్యులు ముఖ్యంగా వాటినే చూడడానికి కారణమిదే. కొక్కెం లేకున్నా తెల్లకణాలు పనిలో మరీ వెనుకబడవు. అంటురోగాల భయం ఎక్కువయ్యేది మజ్జ బలహీనపడి వాటి సంఖ్యే తగ్గినప్పుడు. అంతకంటె పెద్ద ప్రమాదం కాలేయం, పొట్టలోని సిరలలో రక్తం గడ్డకట్టడం. విడవని కడుపునొప్పిని అజీర్తి అనుకొని ఉపేక్షించరాదు.

కాంప్లిమెంట్‌ను అడ్డే ఎక్యులిజుమాబ్ మందుకు 2007లో అమెరికాలో అనుమతి లభించింది. ధర సామాన్యునికి అందనిది. ఆ మందు వాడేవారికి మెనింజోకాకస్ క్రిమి ముప్పు పెరుగుతుంది. టీకా ముందే వేయించాలి. టీకా వేసినా, జ్వరం వస్తే ఆ రోజే ఆసుపత్రికి చేరాలి. వ్యాధిని సమూలంగా పోగొట్టగలది మజ్జ మార్పిడి ఒక్కటే. అందులోనూ ప్రాణాపాయం లేకపోలేదు. చిత్తూరు సరిహద్దు పల్లెలవారికి దగ్గరైన వేలూరు సి.ఎం.సి.లో ఈ మార్పిడి 1986లో మొదలైంది.

ఇంట ఒకరికి ఈ వ్యాధి అని తేలితే మేనరికాన్ని నిందించడం, ఆడపిల్లల సంబంధాలకు వెనుకాడడం సరికాదు. ఈ జన్యులోపం పుట్టిన తర్వాత మజ్జలో ఏర్పడినదే గాని తల్లిదండ్రులు ఇచ్చినది కాదు. రోగి నుండి బిడ్డలకూ సంక్రమించదు.