చవక ఇల్లంటే ఊరి చివరేనా?

పేదల ఇళ్ల గురించి మాట వచ్చినప్పుడల్లా మనం రెండు లెక్కలే వింటాం. ఎన్ని కట్టారు, ఎంత ఖర్చయింది. ఎక్కడ కట్టారన్నది మూడో లెక్క. హైదరాబాద్ పాతబస్తీలో ఒక్క గదికి అద్దె కట్టలేక సతమతమయ్యే కుటుంబాలకు అసలు లెక్క ఇదే.

2023 జూన్‌లో కొల్లూరులో ఒకేచోట 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లను ప్రారంభించారు. లబ్ధిదారు పైసా కట్టనక్కర లేదు. ఇది చిన్న పని కాదు, మెచ్చుకోవలసిందే. కాని కొల్లూరు ఉన్నది సంగారెడ్డి జిల్లాలో, ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర. చార్మినార్ నుంచి సుమారు 30 కిలోమీటర్లు. లాడ్‌బజార్ గాజులకు రాళ్లు అతికే ఇల్లాలు ఇంటి దగ్గరే కూర్చుని, వంట చూసుకుంటూ, పిల్లలను చూసుకుంటూ నాలుగు డబ్బులు సంపాదిస్తుంది. అంత దూరం ఆమెకు సరుకు ఎవరు తెచ్చిస్తారు? భర్త పత్తర్‌గట్టీలో బట్టల దుకాణంలో పనిచేస్తుంటే రోజూ రానుపోను ఛార్జీలెంత, రాత్రి ఇల్లు చేరేది ఎప్పుడు? అద్దె మిగిలిందని సంతోషించేలోపే సంపాదన తరిగిపోతుంది.

అదే ఏడాది ఆగస్టులో, కొల్లూరుకు ఎంతో దూరం లేని కోకాపేటలో ప్రభుత్వం భూములు వేలం వేసింది. ఒక ప్లాటు ఎకరా 100 కోట్ల 75 లక్షలకు పోయింది. అప్పటికి అది రికార్డు. ఆ ధర పెట్టి కొన్న బిల్డరు అక్కడ చవక ఇల్లు కట్టడు, కట్టలేడు కూడా. అతన్ని నిందించి ప్రయోజనం లేదు. ఇన్ని ఇళ్లు సామాన్యులకు కేటాయించాలని షరతు పెట్టగలిగేది భూమి అమ్మేవారే.

ధనిక, పేద ఇళ్లు పక్కపక్కన ఉండటం మన నగరానికి కొత్తేమీ కాదు. 1908 మూసీ వరదల తర్వాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు నగరం లోపలే, మల్లేపల్లి వంటి చోట్ల ఇళ్లు కట్టించింది. తర్వాత హౌసింగ్ బోర్డు వచ్చింది. కూకట్‌పల్లి కాలనీలో నేటికీ ఇంటి గుర్తు చెప్పాలంటే ఎల్.ఐ.జి., ఎం.ఐ.జి., హెచ్.ఐ.జి. అనే అంటారు. తక్కువ ఆదాయం వారు, మధ్యతరగతి వారు, పై తరగతి వారు ఒకే కాలనీలో ఉంటారన్నమాట. అయితే ఆ ఇళ్లను అమ్మేశారు. నాటి ఎల్.ఐ.జి. ఇల్లు నేడు మార్కెట్ ధరకే చేతులు మారుతోంది. మొదటి యజమానికి మేలు జరిగింది, ఆ తర్వాత వచ్చిన పేదవాడికి తలుపు మూసుకుపోయింది.

ఆస్ట్రియా రాజధాని వియన్నా ఈ చిక్కును తెలివిగా దాటింది. అక్కడి నగరపాలక సంస్థకు దాదాపు 2,20,000 ఇళ్లున్నాయి. వాటిని అద్దెకిస్తుంది. అద్దెదారు జీతం పెరిగినంత మాత్రాన ఖాళీ చేయమనరు. అందుకే ఒకే మెట్ల మీద కూలీ, టీచరు ఎదురుపడతారు. పైగా 2018లో ఇంకో నిబంధన తెచ్చారు. పెద్ద స్థలాన్ని కొత్తగా నివాసాలకు మారిస్తే అందులో మూడింట రెండు వంతులు సబ్సిడీ ఇళ్లకే పోవాలి. మిగతాది మార్కెట్‌కు. వారి ఖజానా వేరు, మన ఖజానా వేరు, నిజమే. కాని షరతు రాయడానికి కాగితం ఖర్చే కదా!

మన దగ్గరా మంచి ఉదాహరణ ఒకటుంది. చంచల్‌గూడ దగ్గరి పిల్లిగుడిసెల బస్తీలో గుడిసెలు తీసి, ఆ స్థలంలోనే 288 ఇళ్లు కట్టి 2021లో ఇచ్చారు. 2024లో మూసీ ఒడ్డు నుంచి లేపిన కుటుంబాల్లో కొన్నిటిని చేర్చింది కూడా అక్కడికే. పని పోలేదు, బడి మారలేదు, మస్జిదు కూడా దూరం కాలేదు.

2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకం తొలి విడతలో సొంత స్థలం ఉన్నవారికి 5 లక్షల రూపాయల సాయం ప్రకటించారు. పాతబస్తీ అద్దెదారుకు స్థలమే ఉంటే ఈ గోడంతా ఎందుకు? మన మొహల్లా పెద్దలు అధికారుల దగ్గరికి వెళ్లినప్పుడు ఇళ్లు ఎప్పుడిస్తారని అడుగుతారు. ఏ సర్కారు స్థలంలో ఇస్తారని, చవక అద్దెకు కూడా కొన్ని ఉంచుతారా అని అడిగితే సంభాషణ వేరుగా ఉంటుంది.